కమలకుమారి రక్తంలో లేనిది

యశస్విని రక్తంలో సీసం ఉందని తేలడంతో గత వారం కథ ఆగింది. పంజాగుట్ట క్లినిక్‌లో డాక్టర్ దుర్గాంబ ఆమె నోట్లోకి టార్చి వేసి చూసి, చిగుళ్ళ అంచున సన్నటి నీలిగీత కనబడితే అనుమానపడి ఆ పరీక్ష చేయించింది. రంగుల ఫ్యాక్టరీల్లోనూ, బ్యాటరీల షెడ్లలోనూ పనిచేసేవాళ్ళకు రావాల్సిన జబ్బు, హైటెక్ సిటీలో ఏసీ గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే అమ్మాయికి ఎలా వచ్చిందో ఆవిడకు అంతుబట్టలేదు. ఏమేం తింటావో చెప్పమని ఒక్కొక్కటే అడుగుతూ పోతే చివరికి బయటపడింది. రోజూ పరగడుపున గ్లాసుడు నీళ్ళలో ఒక చెంచాడు 'మృణ్మయి'. ఒంట్లో చేరిన విషాలన్నిటినీ లాగేస్తుందని అమీర్‌పేటలో అమ్మే ఖనిజ మట్టి పొడి.

శనివారం పొద్దున యశస్విని, ఆమె భర్త నరేశ్ కలిసి ఆ పొడి అమ్మే షాపుకి వచ్చారు.

జావా, డాట్ నెట్, టెస్టింగ్ టూల్స్ అని రాసిన బ్యానర్లు గోడంతా కప్పేసిన బిల్డింగది. కింద జిరాక్స్ సెంటర్, దాని పైన కమలకుమారి షాపు. రాగులు, కొర్రలు, ఉసిరి పొడి, తేనె, అద్దాల అలమరాలో వరసగా మృణ్మయి ప్యాకెట్లు. ప్యాకెట్టు మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'శుద్ధం - సహజం' అని ఉంటుంది. ఆ రెండు మాటలూ కమలకుమారే రాయించింది.

ఆవిడది తణుకు. ఒకప్పుడు స్కూల్లో సైన్సు చెప్పేది. భర్త పోయాక తమ్ముడు ప్రమోద్‌ని తోడు పెట్టుకుని ఈ షాపు తెరిచింది. చాలా ఏళ్ళు కడుపులో మంటతో బాధపడి, ఎవరో చెబితే మట్టి నీళ్ళు తాగి, తగ్గిందని నమ్మిన మనిషి. తనకు తగ్గింది కాబట్టి పదిమందికీ తగ్గుతుందని అనుకుంది. అందులో మోసం ఏమీ లేదు.

"రా అమ్మా యశస్వినీ! ఏంటి, ఇంత చిక్కిపోయావు? కూర్చో, కూర్చో. ఈయన మీవారా?" అంది స్టూలు జరుపుతూ.

నరేశ్ కూర్చోలేదు. చేతిలో ఉన్న సగం వాడిన ప్యాకెట్టు కౌంటర్ మీద పెట్టాడు.

"మేడం, గిది మీరు అమ్మిందే కదా?"

"అవునండీ. ఏమైంది?"

"ఏమైందా? నా భార్య అన్నం సక్కగ తినక ఎన్నొద్దులాయెనో. కడుపుల నొప్పి అని రాత్రిపూట ముడుచుకొని పంటది. మౌస్ పట్టుకుంటే మణికట్టు నిలుస్తలేదు. డాక్టర్ ఏమన్నదో ఎర్కేనా? ఒంట్ల సీసం ఉన్నదట! సీసం! గీ మట్టి తినే వచ్చిందన్నది."

షాపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఒకామె చేతిలోని ప్యాకెట్టును మెల్లిగా అలమరాలో పెట్టేసింది.

కమలకుమారి ముఖంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు. "చూడు బాబూ, సీసమంటే మాటలు కాదు. నీళ్ళ పైపుల్లో ఉంటుంది, గోడల రంగుల్లో ఉంటుంది, కుంకుమలో కూడా ఉంటుంది. యూసుఫ్‌గూడలో మీరుండే గదికి ఎప్పటి రంగు వేశారో ఏంటో! నేను దీన్ని ఏళ్ళ తరబడి తాగుతున్నాను. నాకేం కాలేదే!"

"మీరు తాగేది మాకెట్ల కనబడుతది మేడం? గిప్పుడు తాగున్రి. గీ ప్యాకెట్లదే."

"నరేశ్, ఊకో జర," అంది యశస్విని. ఆమెకు గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. "ఆంటీ, నేను లొల్లి పెట్టనీకి రాలేదు. మీరంటే నాకు నమ్మకం. అందుకే మిమ్మల్ని అడగనీకి వచ్చిన. మీరు సుత రోజూ తాగుతరు కదా. మీరొక్కసారి రక్తం చూపించుకోండి. మీకూ ఉంటే ఇద్దరం మందులు వాడుకుందాం. మీకు లేదనుకోండి, నాకు ఇంకేదో తీరుగ వచ్చిందనుకుంటా."

ఆ మాటలో కోపం లేకపోవడం కమలకుమారిని ఇబ్బంది పెట్టింది. కోప్పడేవాళ్ళకు జవాబు చెప్పడం ఆవిడకు తెలుసు.

"దానికేం భాగ్యం! ఇప్పుడే తాగి చూపిస్తాను," అంటూ అలమరాలోంచి ఒక కొత్త ప్యాకెట్టు తీసి కత్తిరించింది. చెంచాడు పొడి నేరుగా నోట్లో వేసుకుని, మీద మంచినీళ్ళు తాగింది.

మింగేలోపలే ఆవిడకు తెలిసిపోయింది.

ఇంట్లో తను తాగే మట్టి నాలుకకు వెన్నలా అతుక్కుంటుంది. తడవగానే తొలకరి వాసన వేస్తుంది. ఇది అతుక్కోలేదు. పళ్ళ మధ్య కరకరలాడింది. వాసన అసలే లేదు. షాపు మొదలుపెట్టిన రోజుల్లో రాజస్థాన్ నుంచి వచ్చిన మొదటి బస్తా ఒకటి ఇంట్లోనే ఉంచుకుంది. ఒక్క మనిషికి అదెంతకీ తరగదు. అందులోంచే రోజూ తాగుతోంది. అలమరాలో పెట్టి అమ్మే ప్యాకెట్టు విప్పి నోట్లో వేసుకోవడం ఇదే మొదటిసారి.

"చూశారుగా," అంది, మూతి తుడుచుకుంటూ.

నరేశ్ ఏదో అనబోతే యశస్విని అతని చెయ్యి పట్టుకుంది. "సరే ఆంటీ. పరీక్ష మాత్రం మరిచిపోకండి," అని లేచింది. మెట్లు దిగేటప్పుడు రెండు మెట్లకోసారి ఆగడం కమలకుమారి పైనుంచి చూసింది.

తమ్ముడికి ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. షాపు మూసేయొచ్చు. మూయలేదు. ఒకవేళ బస్తాకూ బస్తాకూ తేడా ఉంటుందేమో, నేల అన్నాక ఒక్కలా ఉంటుందా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ సాయంత్రం మధురానగర్ హాస్టల్ అమ్మాయి ఒకతె వచ్చి మృణ్మయి అడిగితే మాత్రం, "అయిపోయిందమ్మా, స్టాకు లేదు," అంది. అలమరా నిండా ప్యాకెట్లు కనబడుతూనే ఉన్నాయి. ఆ పిల్ల వాటివైపు ఒకసారి, ఆవిడవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

సోమవారం కమలకుమారి ఎవరికీ చెప్పకుండా పంజాగుట్ట వెళ్ళి రక్తం ఇచ్చివచ్చింది. ఈ పరీక్ష ఇక్కడ చెయ్యరట, ముంబయి పంపాలట. ఆ వారమంతా ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. పీడకలలు రాలేదు గానీ ఒక వింత కోరిక మాత్రం పట్టుకుంది. తన రక్తంలో కూడా సీసం ఉండాలి. ఉంటే తను మోసపోయిన మనిషి అవుతుంది. లేకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి మనసొప్పలేదు.

ఫలితం వచ్చిందని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చౌరస్తాలో ఫ్లైఓవర్ పనుల వల్ల ఆటో కదలలేదు. సగం దూరం నడిచి, చెమటలు కక్కుకుంటూ వెళ్ళి కూర్చుంది.

డాక్టర్ దుర్గాంబ మొహమాటం తెలియని మనిషి. అరవై ఏళ్ళు దాటాయి. మాట సూటిగా వస్తుంది.

"మీకేం లేదు. ఊళ్ళో అందరికీ ఉండేంతే ఉంది," అంది.

కమలకుమారి తల వంచుకుంది.

"సంతోషించాల్సిన విషయం కదండీ, అలా కూర్చున్నారేంటి?"

"నేను తాగేదీ ఆ అమ్మాయి తాగేదీ ఒకటి కాదు డాక్టరుగారూ. పేరొక్కటే."

దుర్గాంబ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆ పిల్ల వచ్చిన రోజే. నోట్లో వేసుకోగానే."

"ఇన్నాళ్ళూ?"

"అమ్మలేదు. కానీ చెప్పనూ లేదు."

డాక్టరు రిపోర్టు మడిచి ఆవిడ ముందు పెట్టింది. తర్వాత, రోగికి మందు చీటీ వివరించినంత మామూలుగా చెప్పుకుపోయింది. "మీ రక్తం బాగుంది కాబట్టి మీ బస్తాలోది మంచి మట్టని కూడా నేననను. ఏ మట్టిలోనైనా ఎంతో కొంత సీసం ఉంటుంది, ఆర్సెనిక్ ఉంటుంది. ఎంతుందో కొలిపించకుండా తినడం చీకట్లో మెట్లు దిగడమే. ఒంట్లో చెత్త తీసే పనికి కాలేయం ఉంది, కిడ్నీలున్నాయి. మీరు చెంచాతో ఇచ్చేది వాటికి సాయం కాదు, అదనపు చాకిరీ. మీకు మంట తగ్గిందన్నారు, తగ్గి ఉండొచ్చు. దానికి వేరే మందులున్నాయి. ఇక ఆ అమ్మాయి సంగతంటారా, ముందే రక్తం తక్కువ. అలాంటివాళ్ళ ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. అది ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటే ఏళ్ళ తరబడి కదలదు."

"తగ్గుతుందా అమ్మాయికి?"

"మానేసింది, మందు వాడుతోంది. మెల్లగా తగ్గుతుంది. నా దగ్గరికి వచ్చింది కాబట్టి. మీ షాపులో కొన్నవాళ్ళంతా నా దగ్గరికి రారుగా!"

కమలకుమారి లేచింది. తిన్నగా యూసుఫ్‌గూడలో తమ్ముడి గదికి వెళ్ళింది.

ప్రమోద్ ఒకప్పుడు ఇంజినీరింగ్ అయి అమీర్‌పేటలో జావా నేర్చుకుని, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, ఎక్కడా కుదరక అక్క దగ్గర చేరినవాడు. కుదరనివాడని అతన్ని తీసిపారేయడానికి వీల్లేదు. నైట్ షిఫ్టులు చేస్తూ పిజ్జాలూ బిర్యానీలూ తిని పొట్టలు పెంచుకుంటున్న కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి 'డీటాక్స్' అనే మాట వాళ్ళ నోళ్ళలో నానేలా చేసింది అతనే. మృణ్మయి ఆ తర్వాతే ఊపందుకుంది. గదినిండా అట్టపెట్టెలు. ఇద్దరు ఆడవాళ్ళు కింద కూర్చుని ప్యాకెట్లకు సీలు వేస్తున్నారు.

"అక్కా! నువ్వొచ్చావేంటి? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా. శుభవార్త! పంజాగుట్టలో కొత్తగా తెరిచారే పెద్ద షాపు, అందులో మనకో ర్యాక్ ఇస్తామన్నారు."

"వీళ్ళని టీ తాగి రమ్మను."

ఆడవాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరికి వేసింది. "ప్రమోద్, ఈ మట్టి ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి, మనదే."

"నేను నోట్లో వేసుకున్నాను."

అతను వెంటనే అబద్ధం చెప్పలేకపోయాడు. చిన్నప్పటి నుంచీ అక్క ముందు అతనికది చేతకాదు. ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

"రాజస్థాన్ ఆయన ఇంతకంటే పంపలేనన్నాడక్కా. తవ్వాలి, నీళ్ళలో కడగాలి, తేర్చాలి, ఎండబెట్టాలి... నెలకు రెండు బస్తాలకు మించి నావల్ల కాదన్నాడు. ఇక్కడేమో ఆర్డర్ల మీద ఆర్డర్లు. జీడిమెట్లలో ఒకతను పింగాణీవాళ్ళకు మట్టి వేస్తాడు. అతని దగ్గర తీసుకున్నాను. అదీ నేలలోంచి తవ్విందే కదా! మట్టి మట్టే కదక్కా!"

"పొడి ఎక్కడ పట్టించావు?"

"అతనికే మర ఉంది, ఇక్కడివాళ్ళు గిర్నీ అంటారు."

"ఆ గిర్నీలో ఇంకేం పడతారు?"

ప్రమోద్ సీలు వేయని ప్యాకెట్టొకటి తీసి పక్కన పెట్టాడు.

"నిన్నే, ఇంకేం పడతారు?"

"రంగులు. పెయింట్లలో కలిపే పసుపు రంగు, ఎరుపు రంగు. కానీ మనది పట్టేముందు కడిగించానక్కా! నేను దగ్గరుండి కడిగించాను. పైగా టెస్టు కూడా చేయించాను. ల్యాబ్ వాళ్ళు క్లీన్ అన్నారు."

"దేనికి క్లీన్ అన్నారు?"

"క్లీన్ అంటే... సూక్ష్మజీవులు లేవన్నారు. బూజు లేదన్నారు."

"సీసం?"

"అది అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"నాకేం తెలుసక్కా అడగాలని? నువ్వు సైన్సు టీచరువి, నువ్వెప్పుడైనా అడిగావా?"

ఆ మాట అనేశాక అతనే భయపడ్డాడు. కానీ కమలకుమారి కోప్పడలేదు. నిజమే, అడగలేదు. శుద్ధం అని రాయించేటప్పుడు దేనినుంచి శుద్ధమో ఆవిడకు తట్టలేదు. సహజమైనది కాబట్టి మంచిదే అయ్యుంటుందనుకుంది. సీసమూ భూమిలోంచే వస్తుందని పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పిన మనిషే.

"ఎప్పటి నుంచి?"

"దసరా ముందు నుంచి."

ఇప్పుడు మార్చి. బయట వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక కిక్కుల మీద కిక్కులు కొడుతున్నారు. కమలకుమారి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

"ఒక్క పది రోజులు ఆగు," అన్నాడు ప్రమోద్, గొంతు తగ్గించి. "ఉన్న సరుకంతా వెనక్కి లాగేస్తాను. మంచిది తెప్పిస్తాను. గప్‌చుప్‌గా మార్చేద్దాం. ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయికి మందుల ఖర్చు మనమే పెట్టుకుందాం."

"తినేసినవాళ్ళ సంగతి?"

"మానేస్తే అదే పోతుందిగా."

"పోదు. ఎముకల్లో కూర్చుంటుందట. నీకు కడుపునొప్పి వస్తే ఏం చేస్తావురా? ఇంకో చెంచా తాగుతావు. మనం చెప్పింది అదే కదా, నలతగా ఉంటే విషాలు బయటికి పోతున్నట్టు లెక్క, ఆపొద్దని! వాళ్ళు ఆపరు. మనం చెప్పేదాకా ఆపరు."

"చెబితే షాపు ఉండదక్కా. నేను జైలుకు పోతాను. అమ్మకు ఏం చెబుతావు?"

కమలకుమారి తమ్ముడి ముఖంలోకి చూసింది. తల్లి పొలం పనుల్లో ఉంటే తను చంకనేసుకుని తిప్పిన పిల్లవాడు. పౌడరు రాసి, చుక్క పెట్టి బడికి పంపిన పిల్లవాడు. ఆవిడకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు.

"నువ్వొక్కడివే ఎందుకు పోతావు? ప్యాకెట్టు మీద పేరు నాది," అని లేచింది. "ఇవేవీ గది దాటకూడదు. ఆ ఆడవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుని ఇళ్ళకు వెళ్ళమని చెప్పు. ఇంట్లో పిల్లలుంటారు. ఆ జీడిమెట్ల మనిషి ఇంకెవరికైనా తినడానికని ఇదే మట్టి వేస్తున్నాడేమో కనుక్కో."

"అక్కా..."

"కనుక్కో ముందు."

షాపుకు తిరిగొచ్చి అలమరాలోని ప్యాకెట్లన్నీ గోనెసంచిలోకి దింపింది. ఒక అట్టముక్క మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసింది: 'మృణ్మయి పొడి ఎవరూ వాడవద్దు. అందులో సీసం కలిసింది. వాడినవారు వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోండి.' మెట్ల మొదట్లో, జావా బ్యానర్ పక్కన అందరికీ కనబడేలా దాన్ని కట్టింది. జిరాక్స్ సెంటర్ అతను చేస్తున్న పని ఆపేసి బయటికొచ్చి చదివాడు. కోచింగ్‌కు వెళుతున్న ఒక అబ్బాయి ఆగి, "మేడం, మా రూమ్మేట్ వాడుతున్నాడు, నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే బాబూ. ఇవాళే ఆపమను."

అలా చెప్పడం అనుకున్నంత కష్టమనిపించలేదు. వెనకే వచ్చి అడిగిన ఇంకొకరికి రెండోసారి చెప్పేటప్పుడు ఇంకా తేలిగ్గా వచ్చింది. పైకి వచ్చి యశస్వినికి ఫోన్ చేసింది.

"అమ్మా, నా రక్తంలో లేదు. ఎందుకు లేదో చెబుతాను, విను." అని మొదలుపెట్టి, మొదటి బస్తా సంగతి, గిర్నీ సంగతి, ఆ రోజు నోట్లో వేసుకోగానే తేడా తెలిసిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పేసింది. "నరేశ్‌కి చెప్పు. పోలీసుల దగ్గరికి వెళతానంటే నేనూ వస్తాను."

తిడుతుందేమోనని కమలకుమారి ఎదురుచూసింది.

"ఆంటీ," అంది యశస్విని చివరికి. "నేనొక పని చేసిన. మా టీంల సుమశ్రీ అని ఉన్నది. ఆమెకిప్పుడు ఆరో నెల. మట్టి మీద మస్తు మనసు పోతున్నదని, క్యాంటీన్ వెనక పూలకుండీలల్ల మన్ను తింటుంటే నేనే చూసిన. గా మన్ను తింటే పురుగులు పడతయి, గిది శుద్ధమైనది, గిది తిను అని నేనే ఇచ్చిన. మీ దగ్గర కొని నేనే ఇస్తున్న ఆంటీ. ఆమె చెంచాలతోటి తినది. గుప్పెళ్ళతోటి తింటది. నాకు సీసమని తెల్సినప్పటిసంది చేస్తనే ఉన్న, ఫోన్ ఎత్తుతలేదు. లీవుల ఉన్నదంటున్నరు ఆఫీసుల."

"నంబరు చెప్పు."

"నేను ఇంకోసారి చేస్త ఆంటీ..."

"నువ్వు కాదు. నంబరు చెప్పమ్మా."

కమలకుమారి ఆ అంకెలను అరచేతిలో రాసుకుని డయల్ చేసింది. చాలాసేపు మోగింది. కట్ అయిపోతుందనుకున్నప్పుడు ఎత్తారు. మగ గొంతు. వెనక ఎవరో గట్టిగా పేరు పెట్టి పిలుస్తున్నారు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినిపిస్తోంది.

"హలో, సుమశ్రీగారి నంబరేనా అండీ?"

"నేను వాళ్ళాయన్ని, రవికాంత్. ఆవిడ లోపల ఉందండీ. పొద్దున్నుంచి నొప్పులు. నెలలు నిండలేదు, ఎందుకొచ్చాయో డాక్టర్లకు తెలియడం లేదు. మీరెవరు? తర్వాత చెయ్యండి."

"పెట్టెయ్యకండి బాబూ. దయచేసి ఫోన్ పెట్టెయ్యకండి." కమలకుమారి రెండో చేత్తో కౌంటర్ అంచు పట్టుకుంది. "నా పేరు కమలకుమారి. సుమశ్రీ తింటున్న మట్టి అమ్మింది నేనే. అందులో సీసం ఉంది. ఒక్క నిమిషం, లోపలున్న డాక్టరుగారికి ఫోన్ ఇవ్వండి. వాళ్ళకు ఈ మాట ఇప్పుడే తెలియాలి."

అవతల చక్రాల చప్పుడు దూరమైంది.

"ఏం మట్టి?" అన్నాడు రవికాంత్.